గొట్టంలో ఉక్కు గుండు

పాత పెట్రోలు కారు బానెట్ ఎత్తి, కార్బొరేటర్ నుంచి, ప్లగ్గులకు నిప్పురవ్వ పంచే డిస్ట్రిబ్యూటర్‌కు వెళ్లే సన్న గొట్టాన్ని పీకి, దాని నోట్లో సైకిలు బేరింగు గుండు దూర్చి మూసేస్తారే, అలా ఎందుకు చేస్తున్నారో మీకు తెలుసా?

తెలుసని చెప్పేముందు కాస్త ఆగండి. "మా మేస్త్రి అట్లాగే చేసేవాడు" అన్నది జవాబు కాదు. "అట్లా చేస్తే బండి బాగా పోతుంది" అన్నదీ జవాబు కాదు. చెన్నై వ్యాసర్పాడిలో నేను నలభై ఏళ్లకు పైగా షెడ్డు నడిపాను. అందులో ముప్పై ఏళ్లు ఈ రెండు జవాబులతోనే నెట్టుకొచ్చాను. మూడోది ఒకటి ఉండాలని ఒక కస్టమరు అడిగితే గానీ నాకు తోచలేదు.

ఇప్పుడు పని మానేశాను. నడుము బాగుంది, నిద్ర బాగుంది, పొద్దున్నే పేపరు మొత్తం చదివే తీరిక ఉంది. ఈ మధ్య చదువుకున్న పిల్లలు కొందరు పాత కార్ల మీద మోజుతో షెడ్లు పెడుతున్నారు. వాళ్లు నా దగ్గరికి వచ్చి గొట్టం గురించీ డిస్ట్రిబ్యూటర్ గురించీ అడుగుతుంటే సంతోషంగా ఉంది. వాళ్ల కోసమే ఇది రాస్తున్నాను. షెడ్డు ఎలా పెద్దదయిందో, ఎవరు శాలువా కప్పారో రాయను. ఆ సంగతులతో మీకు ఒక్క నట్టు కూడా వదులు కాదు.

గోడ మీది బోర్డు

కుర్రతనంలో సాయంత్రాలు రైల్వే కార్మికుల చదువుల గదిలో గడిపేవాణ్ణి. అక్కడ వారానికొకసారి వాదప్రతివాదాలు జరిగేవి. దేవుడు, కులం, జాతకం, పెళ్లి, వైధవ్యం, ఏ విషయమైనా బల్ల మీద పెట్టి చీల్చేవాళ్లం. గొంతు పెద్దది కాబట్టి నాకు ఎక్కువ సమయం ఇచ్చేవాళ్లు. షెడ్డు పెట్టిన మొదటి వారంలోనే గోడకు ఒక బోర్డు తగిలించాను. తెలుగులోనూ తమిళంలోనూ రాయించాను: "ఇక్కడ కార్లకు నిమ్మకాయలు కట్టం. ఎందుకు అని అడగండి."

చాలామంది అడిగేవాళ్లు. నేను చెప్పేవాణ్ణి. కొందరు నవ్వేవాళ్లు, కొందరు కారు వెనక్కి తిప్పుకొని పోయేవాళ్లు. పోనిమ్మనేవాణ్ణి. ఆయుధపూజ నాడు చుట్టుపక్కల షెడ్లన్నీ గుమ్మడికాయలు పగలగొడుతుంటే నా షెడ్డులో మాత్రం రోజులాగే స్పానర్ల చప్పుడు వినిపించేది. అది నాకు గర్వం. ఇప్పటికీ ఉంది, దాచుకోను.

ఆ గర్వమే నా కళ్లు మూసింది కూడా.

దొరస్వామి మేస్త్రి చెప్పింది

నాకు పని నేర్పింది దొరస్వామి మేస్త్రి. మంచి మనిషి. చెవితో ఇంజను వినేవాడు. పక్క వీధిలో కారు వస్తుంటే ఏ వాల్వు కొట్టుకుంటోందో చెప్పేవాడు. ఒక్క సంగతిలో మాత్రం ఆయన మాట శాసనం. షెడ్డుకు ఏ పాత కారు వచ్చినా ముందు ఆ సన్న గొట్టం పీకేవాడు, గుండు దూర్చేవాడు, డిస్ట్రిబ్యూటర్‌ను కాస్త తిప్పి చెవికి బాగున్నచోట బిగించేవాడు.

నేను ఒకసారి అడిగాను.

"ఇది ఎందుకు సామీ?"

"ఇది చలి దేశాలోళ్లు పెట్టుకున్నది రా. మన మద్రాసు ఎండకు పనికిరాదు. మూసేయ్."

మూసేశాను. ఆ తరువాత ముప్పై ఏళ్లు, వందల కార్లకు, నా చేతులతో మూసేశాను. నిమ్మకాయ ఎందుకు కడతావని ఊరందరినీ నిలదీసినవాణ్ణి, గుండు ఎందుకు పెడతావని నన్ను నేను ఒక్కసారి కూడా నిలదీయలేదు. మంత్రం తమిళంలోనో సంస్కృతంలోనో ఉంటేనే మంత్రమని అనుకున్నాను. స్పానరు పట్టుకొని చదివే మంత్రం కూడా ఉంటుందని తెలియలేదు.

వసంతమ్మ కారు

సౌకార్‌పేటలో తాళ్లు, నైలాను దారాలు టోకున అమ్మే ఒక తెలుగు కుటుంబం ఉంది. వాళ్లకు తిరువొత్తియూరులో ఒక గోడౌను. అక్కడి నుంచి జాలరులకు వలల తాళ్లు పోతాయి. ఆ గోడౌనును చిన్న కొడుకు చూసుకునేవాడు. ఆయన గుండెజబ్బుతో పోయాక, ఆయన భార్య వసంతమ్మ మూడు నెలలు ఇంట్లో కూర్చొని, నాలుగో నెల లేచి, భర్త వాడిన పాత నల్లకారు ఎక్కి గోడౌనుకు పోవడం మొదలుపెట్టింది. అప్పటికి ఆమెకు నలభై అయిదేళ్లు ఉంటాయి. ఇది జరిగి పదేళ్లు దాటింది.

ఇంటి పెద్ద ఆమె బావగారు, సుబ్బరాయులు. తెల్ల పంచె, తెల్ల చొక్కా, నుదుట ఎర్రటి గీత. చెడ్డవాడు కాదు. మరదలు వీధిన పడి వ్యాపారం చేయడం మాత్రం ఆయనకు గిట్టలేదు. కారణం కోసం వెతుకుతున్నాడు. కారే ఆయనకు కారణం ఇచ్చింది.

వసంతమ్మ ఎక్కితే ఆ కారు తడబడేది. సుబ్బరాయులు గారు ఎక్కితే తడబడేది కాదు. ఇంట్లో అందరూ చూశారు. భర్త పోయిన మనిషి ఎక్కితే బండి ఏడుస్తోంది అన్నారు.

ఆమె నా బోర్డు సంగతి ఎవరి దగ్గరో విని, డ్రైవరు మునుసామితో సహా షెడ్డుకు వచ్చింది. మా చెన్నై తెలుగులో మాటను నొక్కి చెప్పడానికి చివర "దా" చేరుస్తాం.

"అన్నా, నేనెక్కితే దా ఇది ఆగి ఆగి పోతా ఉందంట. నాకు దోషముందో కారుకు దోషముందో చూసి చెప్పు."

నేను పగలబడి నవ్వాను. అరగంట ఉపన్యాసం ఇచ్చాను. వైధవ్యం గురించి చదువుల గదిలో మాట్లాడినవన్నీ మళ్లీ మాట్లాడాను. మునుసామి మధ్యలో ఏదో చెప్పబోయాడు. రెండోసారి చేయి అడ్డం పెట్టి మరీ చెప్పాడు:

"అన్నే, కొంచెం విను. బ్రిడ్జి ఎక్కేటప్పుడు సూపరుగా లాగతాది. దిగి, కాలు తేలిగ్గా పెట్టి పోతా ఉంటే దా తడబడతాది. గట్టిగా తొక్కితే మళ్లా సరిపోతాది."

ఆ మూడు ముక్కల్లో రోగం మొత్తం ఉంది. మీరు మెకానిక్కులైతే ఈ పాటికి చెవులు నిక్కించి ఉండాలి. నేను నిక్కించలేదు. మూఢనమ్మకం మీద నా మాటల ధాటిలో మునిగి ఉన్నాను. డ్రైవరు మాట వినని మెకానిక్కు, రోగి మాట వినని వైద్యుడు ఒకటే. ఆ రోజు నేను ఆ ఇద్దరిలో మొదటివాణ్ణి.

తరువాత ఏం చేశాను? బానెట్ ఎత్తాను. గొట్టం పీకాను. గుండు దూర్చాను. డిస్ట్రిబ్యూటర్ తిప్పి చెవికి బాగున్నచోట బిగించాను.

తడబాటు పోయింది. నిజంగానే పోయింది. వసంతమ్మ తిరువొత్తియూరు వెళ్లివచ్చి, "దోషం ఇరుగు పొరుగుకు వదిలేసినాను అన్నా" అని నవ్వింది. నాకు జాతర చేసుకున్నంత ఆనందం.

కత్తిరి ఎండలో

రెండు నెలలు గడిచాయి. సముద్రంలో వేట ఆపే కాలం వచ్చింది. పడవలు ఒడ్డున ఉంటాయి కాబట్టి జాలరులు వలలు బాగుచేసుకునేదీ తాళ్లు కొనేదీ అప్పుడే. గోడౌనుకు అదే పంటకాలం. ఎండ కూడా అప్పుడే. కత్తిరి ఎండంటే మా చెన్నైలో తారు రోడ్డుకు చెప్పు అతుక్కుంటుంది.

ఒక రోజు ఆ ఎండలో, తిరువొత్తియూరు రోడ్డు మధ్యలో, వసంతమ్మ కూర్చున్న కారు రేడియేటర్ మరిగి, మూతి నుంచి ఆవిరి చిమ్ముతూ నిలబడిపోయింది. ఆమె ఆటో పట్టుకొని గోడౌను చేరేసరికి పొద్దున్నుంచి కాచుకున్న జాలరులు వేరే అంగడికి వెళ్లిపోయారు.

ఆ సాయంత్రం సుబ్బరాయులు గారు ఇంట్లో తేల్చి చెప్పారు. శుక్రవారం లోపల గోడౌను తాళాలు ఇచ్చేయాలి. ఇక ఆమె గడప దాటనక్కరలేదు.

మరునాడు, సోమవారం, కారును తాడు కట్టి లాక్కొచ్చారు. వసంతమ్మ కూడా వచ్చింది. ఈసారి నవ్వు లేదు.

"ఆటోలో పో అమ్మా, రైల్లో పో, గోడౌను పని ఆగదు గదా" అన్నాను, ఓదార్పుగా.

"పోలేక కాదన్నా. మా ఆయన కారు ఎక్కేదానికి నాకు యోగ్యత లేదని ఒప్పుకొని రైలెక్కితే, రేపు గోడౌనుకూ లేదంటారు. ఎల్లుండి ఇంకోదానికి."

ఆమె అన్నది నిజం. నేను బానెట్ ఎత్తాను. ఆమె పక్కనే నిలబడి చూసింది. వేలితో గొట్టం చూపించింది.

"ఇది ఏందన్నా, దీని నోట్లో గుండు?"

"అది అంతేనమ్మా. పాత కార్లకు అట్లా మూస్తాం."

"ఎందుకు?"

"మా మేస్త్రి అట్లా దా చేసేవాడు."

ఆమె గుండును వేలితో తట్టి చూసింది. తరువాత కోపం లేకుండానే అన్నది:

"మా బావ కూడా ఇదే చెప్పతాడన్నా. వాళ్ల నాయన చెప్పినాడంట."

ఎన్ని సభల్లో ఎన్ని వాదాలు గెలిచానో లెక్క లేదు. అంత చిన్న మాటతో నన్ను ఓడించినవాళ్లు మాత్రం ఆమె తప్ప ఎవరూ లేరు. బోర్డు నా తల వెనకే ఉంది. తిరిగి చూసే ధైర్యం కలగలేదు.

"రేపు రా అమ్మా. నాకు తెలీదు. తెలుసుకొని చెప్తా" అన్నాను. ముప్పై ఏళ్లలో కస్టమరుకు "నాకు తెలీదు" అని చెప్పడం అదే మొదలు. చెప్పి చూడండి, ప్రాణమేమీ పోదు.

పచ్చి కట్టె, ఎండు కట్టె

ఆ మధ్యాహ్నం కారు ముందు స్టూలు వేసుకొని కూర్చొని, ఆ గొట్టం పని ఏమిటో మొదటిసారి ఆలోచించాను. నాకు అర్థమైంది అర్థమైనట్టు చెప్తాను.

పొయ్యిలో ఎండు కట్టె పెడితే వెంటనే అంటుకుంటుంది. పచ్చి కట్టె పెడితే మెల్లగా రాజుకుంటుంది. పన్నెండింటికి అన్నం దిగాలంటే పచ్చి కట్టె ఉన్న రోజు పొయ్యి ముందుగా వెలిగించాలి. ఇంజనులో కూడా అంతే. గట్టిగా తొక్కినప్పుడు సిలిండర్లోకి పెట్రోలు, గాలి నిండుగా పోతాయి, తొందరగా మండుతాయి. తేలిగ్గా తొక్కి సమంగా పోతున్నప్పుడు పలచగా పోతాయి, మెల్లగా మండుతాయి. కాబట్టి అప్పుడు నిప్పురవ్వ కాస్త ముందుగా పడాలి.

కాలు తేలిగ్గా ఉందని డిస్ట్రిబ్యూటర్‌కు ఎవరు చెప్పాలి? ఆ గొట్టమే చెబుతుంది. కాలు తేలిగ్గా ఉన్నప్పుడు ఇంజను గట్టిగా పీలుస్తుంది. ఆ పీల్పు గొట్టం గుండా వచ్చి, డిస్ట్రిబ్యూటర్ పక్కన ఉన్న చిన్న డబ్బాలోని రబ్బరు పొరను లాగుతుంది. పొరకు కట్టిన కడ్డీ లోపలి పళ్లేన్ని కొద్దిగా తిప్పుతుంది. రవ్వ ముందుగా పడుతుంది. గట్టిగా తొక్కగానే పీల్పు తగ్గి, స్ప్రింగు పళ్లేన్ని వెనక్కి నెడుతుంది. దీన్నే వాక్యూమ్ అడ్వాన్స్ అంటారు. ఇంజను వేగానికి తగినట్టు రవ్వను జరిపే బరువులు అడుగున వేరే ఉన్నాయి. ఆ రెండూ ఒకదాని పని ఒకటి చేయవు.

ఇందులో చలిదేశం ఎక్కడుంది? గొట్టం మూస్తే, సమంగా పోయే రోడ్డు మీద రవ్వ ఆలస్యంగా పడుతుంది. మంట ఆలస్యమై, చక్రాలకు పోవలసిన బలం వేడిగా మారి రేడియేటర్‌కు పోతుంది. మద్రాసు ఎండకు ఆ గొట్టం మరీ అవసరం. మా మేస్త్రి చెప్పినదానికి సరిగ్గా తలకిందులు. ఆ రోజు కారును మరిగించింది నేను.

అయితే గుండు పెడితే తడబాటు ఎందుకు పోయింది? మునుసామి మాటలు అప్పుడు చెవిలో పడ్డాయి, రెండు నెలల ఆలస్యంగా. డిస్ట్రిబ్యూటర్ మూత తీశాను. గుండు పీకి, గొట్టాన్ని డబ్బాకు తగిలించి, రెండో కొస నోట పెట్టుకొని పీల్చాను. పళ్లెం కదిలింది. దానితో పాటు కరెంటును తెంచి రవ్వ పుట్టించే పాయింట్లకు వెళ్లే చిన్న తీగ సాగింది. పై తొడుగు బాగుంది, లోపలి రాగి పోగులు తెగి ఉన్నాయి. పళ్లెం తన చోట ఉన్నంతసేపూ పోగులు ఒకదానికొకటి ఆనుకొని ఉంటాయి. పళ్లెం తిరగగానే ఎడమవుతాయి, రవ్వ ఆగుతుంది. సౌకార్‌పేట సందుల్లో నత్తనడక నడిచే కారులో పళ్లెం తిరగనే తిరగదు. సుబ్బరాయులు గారు ఆ సందులు దాటి పోరు. తిరువొత్తియూరు రోడ్డు మీద కాలు తేలిగ్గా పెట్టి పోయేది వసంతమ్మ ఒక్కతే. కారు ఆమెను చూసి తడబడలేదు, ఆ రోడ్డును చూసి తడబడింది.

గుండు పెట్టి పళ్లేన్ని కట్టేశాను, అంతే. రోగం అలాగే ఉంది.

మా మేస్త్రికి ఈ అలవాటు ఎలా వచ్చిందో కూడా ఊహించగలను. టైమింగ్, అంటే రవ్వ పడే వేళ, పెట్టేటప్పుడు ఆ గొట్టం పీకి మూయాల్సిందే, అది సరైన పద్ధతి. ఎప్పుడో ఒకసారి మూసినది తీయడం మరిచి ఉంటాడు. ఆ కారులో తీగ తెగి ఉంటుంది. తడబాటు పోయి ఉంటుంది. పది నిమిషాల పని శాశ్వతమైపోయింది. ఆచారాలన్నీ ఇలాగే పుడతాయని నేను సభల్లో చెప్పేవాణ్ణి. నా టూల్‌బాక్సులో ఒకటి పుట్టి పెరిగిందని మాత్రం గమనించలేదు.

సుబ్బరాయులు గారి పరీక్ష

తీగ మార్చి, కారు నడిపించి, చేతులు దులుపుకోవచ్చు. కానీ శుక్రవారం దగ్గర్లో ఉంది. కారు బాగైతే "దోషం తాత్కాలికంగా తగ్గింది" అంటారు, ఇంకోసారి ఏదైనా అయితే తాళాలు పోతాయి. బాగుచేసే ముందే రుజువు చేయాలి. ఇది గుర్తుపెట్టుకోండి: విప్పేశాక చెప్పే మాటకు సాక్ష్యం ఉండదు.

మంగళవారం సౌకార్‌పేట అంగడికి వెళ్లాను.

"అయ్యా, మీరొక గంట కారులో కూర్చోవాల. వసంతమ్మ రాదు. తిరువొత్తియూరు రోడ్డు దాకా పోయొస్తాం."

"నేనెక్కితే ఏమీ కాదయ్యా. నీకు ఇంకా తెలీలేదా" అని ఆయన చెప్పులు వేసుకున్నారు.

ఆయన్ను షెడ్డుకు తీసుకొచ్చి, రేడియేటర్ నింపాను. గుండు లేకుండా గొట్టం ఎప్పటిలా తగిలించాను. తెగిన తీగను ముట్టుకోలేదు. మునుసామి స్టీరింగు దగ్గర, సుబ్బరాయులు గారు అతని పక్కన, నేను వెనక. నేను రమ్మన్నట్టే వచ్చిన వసంతమ్మ షెడ్డులోనే ఉండిపోయింది. సందుల్లో కారు బుద్ధిగా పోయింది. బ్రిడ్జి బాగా ఎక్కింది. సుబ్బరాయులు గారు నావైపు తిరిగి మీసం మీద చేయి వేసుకున్నారు. బ్రిడ్జి దిగి, రోడ్డు సమమై, మునుసామి కాలు తేలిక చేయగానే కారు ఎక్కిళ్లు మొదలుపెట్టింది. ఆయన రెండు చేతులతో ముందు బల్ల పట్టుకున్నారు.

"ఇప్పుడు కారులో ఎవురుండారయ్యా?" అన్నాను.

ఆయన తాను కూర్చున్న సీటును చేత్తో తడిమి చూశారు.

"రోజూ ఆమె కూర్చునే సీటు గదా" అన్నారు చివరికి.

"ఆమె వెనక దా కూర్చుంటాది సావుకారూ. మీరుండేది ముందు" అన్నాడు మునుసామి, అద్దంలోకి చూస్తూ.

షెడ్డుకు తిరిగి వచ్చాం. కరెంటు వేరే దారి పట్టకుండా పాయింట్ల మధ్య కాగితం ముక్క పెట్టాను. బ్యాటరీ, చిన్న బల్బు, ఆ తీగ, మూడింటినీ వరుసగా కలిపాను. బల్బు వెలిగింది. గొట్టం కొస శుభ్రంగా తుడిచి సుబ్బరాయులు గారి చేతికిచ్చాను.

"పీల్చండయ్యా."

"నేనా?"

"ఎవురైనా పీల్చొచ్చు. మీరు పీలిస్తే మీకు నమ్మకం."

ఆయన వసంతమ్మ వైపు ఒకసారి, మునుసామి వైపు ఒకసారి చూసి, పంచె కుచ్చిళ్లు పైకి పట్టుకొని వంగి పీల్చారు. పళ్లెం తిరిగింది. బల్బు ఆరిపోయింది. వదిలారు, వెలిగింది. మళ్లీ పీల్చారు, ఆరింది. అలా అయిదారుసార్లు చేశారు. కొత్త ఆటవస్తువు దొరికిన పిల్లవాడి ముఖం ఆయనది.

"ఇంత సన్న తీగనా, ఇంత గోల చేసింది?"

"తీగ ఒక్కటే కాదయ్యా. రోడ్డు మీద మరిగించింది నేను." గుండు చూపించి, జరిగింది దాచకుండా చెప్పాను. ఆయన గుండును వేళ్ల మధ్య తిప్పి చూశారు.

"అయితే దోషం నీది దా."

"నాదే."

"ఊరికంతా బుద్ధి చెప్తావే, బోర్డు పెట్టుకొని."

"బోర్డు సరిగానే ఉందయ్యా. నేను దా సరిగా చదవలేదు."

వసంతమ్మ పక్కకు తిరిగి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్విందని భుజాలు చెప్పాయి.

మార్చడం

తీగ ఒక్కటే అయితే గంట పని. కానీ డబ్బాలోని పొర కూడా చిట్లింది. పీల్చి, గొట్టం కొసను నాలుకతో మూస్తే పళ్లెం తిరిగినచోటే నిలవాలి. ఇది మెల్లగా జారిపోయింది. డిస్ట్రిబ్యూటర్ ఇరుసు కూడా వేళ్లకు అటూ ఇటూ ఊగింది. డిస్ట్రిబ్యూటర్ మొత్తం మార్చాలని నిర్ణయించాను.

బుధవారం పుదుప్పేటలో పాత సామాన్ల వరసలన్నీ తిరిగి ఒకటి తెచ్చాను. తప్పు తెచ్చాను. చూడటానికి కవల పిల్లలే, కానీ అది సరుకు వ్యానుది. బిగించి రోడ్డు మీదికి తీస్తే లోపల గులకరాళ్లు పోసినట్టు టకటక కొట్టింది. దాని డబ్బా కావలసినదానికన్నా ఎక్కువ లాగుతోంది. ఒంటి మీద చెక్కిన నంబరు చూడకుండా కొన్నాను, తొందరలో. ఇంకో సగం రోజు పోయింది. ఆకారం చూసి కొనకండి, నంబరు చూసి కొనండి. పాతదైతే అంగడిలోనే గొట్టం నోట పెట్టి పీల్చండి, ఇరుసు ఊపి చూడండి. అంగడివాడు నవ్వితే నవ్వనివ్వండి.

సరైనది గురువారం పొద్దున దొరికింది. బిగించే పద్ధతి ఇది. ముందు బ్యాటరీ తీగ విప్పండి. ఇంజనును చేత్తో తిప్పి మొదటి సిలిండర్‌ను మండే చోటికి తెచ్చి ఆపండి. మూత తీసి, లోపల తిరిగే రోటర్ ఎటు చూస్తోందో డిస్ట్రిబ్యూటర్ ఒంటి మీదా ఇంజను మీదా సుద్దతో గీయండి. నా కాలంలో సుద్దే, మీకు ఫోనులో ఫొటో ఉంది, అదీ తీయండి. ప్లగ్గు తీగలకు వరుస నంబర్లు కట్టండి. పాతది పైకి తీశాక ఇంజనును వేలితో కూడా తిప్పకండి. కొత్తదాన్ని అదే గీతకు అదే వైపు దించండి. అడుగున ఉండే నాలుక ఒక్క తీరులోనే కూర్చుంటుంది. కూర్చోకపోతే రోటర్‌ను కొంచెం కొంచెం తిప్పి చూడండి, సుత్తి ఎత్తకండి. పాయింట్ల సందు సరిచేశాక, బ్యాటరీ కలిపి, గొట్టం పీకి, దాని నోరు మూసి, టైమింగ్ లైటుతో టైమింగ్ పెట్టండి. గుండుకు న్యాయమైన పని ఇదొక్కటే, పది నిమిషాలు. తరువాత గుండు తీసి గొట్టం తగిలించండి. ఇంజను వేగం కాస్త పెంచి లైటు వేసి చూడండి, ఇంజను పుల్లీ మీది గుర్తు ముందుకు జరగాలి. జరిగితే ఆ గొట్టం మాట్లాడుతున్నట్టు. చెవి మంచిదే. కానీ లైటు అబద్ధమాడదు, చెవి అప్పుడప్పుడు ఆడుతుంది.

ఇప్పుడు పాయింట్లు లేని ఎలక్ట్రానిక్ డిస్ట్రిబ్యూటర్లు వస్తున్నాయి. బాగానే ఉన్నాయి. కొన్నిటికి ఆ డబ్బా ఉండదు. డబ్బా పని లోపల వేరే ఏదైనా చేస్తోందా అని అడగకుండా అవి బిగించేవాణ్ణి నేను మెకానిక్కు అనను.

శుక్రవారం

శుక్రవారం పొద్దున్నే వసంతమ్మ వచ్చింది. వెనక సీటులో కూర్చొని తలుపు వేసుకుంది. నేను మునుసామి పక్కన కూర్చున్నాను. బ్రిడ్జి దిగాక మునుసామి కాలు తేలిక చేశాడు. కారు నూనె రాసినట్టు జారిపోయింది. తిరువొత్తియూరు చేరేవరకూ వేడి ముల్లు మధ్య గీత దాటలేదు. గోడౌను ముందు నలుగురు జాలరులు తాళ్ల కోసం నిలబడి ఉన్నారు. ఆమె కొంగులోంచి తాళాల గుత్తి తీసి తలుపు తెరిచింది. ఆ సాయంత్రం ఆ తాళాలు ఎవరూ అడగలేదు. ఆ తరువాతా అడగలేదు.

సుబ్బరాయులు గారు ఓడిపోయానని ఏనాడూ ఒప్పుకోలేదు. వారం తరువాత కారు సర్వీసుకు వస్తే బంపరుకు కొత్త నిమ్మకాయ, మిరపకాయలు వేలాడుతున్నాయి. నేను కత్తెర అందుకున్నాను.

"ఉండనీలే అన్నా" అంది వసంతమ్మ. "అది గొట్టంలో లేదు గదా."

కత్తెర కింద పెట్టేశాను. నిమ్మకాయను ఒప్పుకొని కాదు. ముందు విప్పాల్సింది నా దగ్గరే ఎంతో ఉందని. ఆ తరువాత ఏడాది పాటు, నేను గుండ్లు పెట్టిన కార్లు గుర్తున్నంతవరకూ పిలిపించి, ఒక్కొక్కటే పీకాను. కొందరు తిట్టారు. చాలామంది కారు తేలికైందన్నారు. నా వృత్తిలో నాకు మిక్కిలి తృప్తినిచ్చిన సంవత్సరం అదే.

మీ షెడ్డులో కూడా ఇలాంటి గుండు ఎక్కడో ఒకచోట ఉంటుంది. మీ గురువు మీద గౌరవం ఉంటే ఆయన నేర్పిన పనిని ప్రశ్నించండి, ఆయన్ను కాదు. రేపు పొద్దున షెడ్డు తెరవగానే మొదట వచ్చే పాత కారు బానెట్ ఎత్తండి. గొట్టం వెంట వేలు పోనివ్వండి. దాని నోట్లో గుండు కనిపిస్తే పీకండి. మూత తీసి, గొట్టం పీల్చి, పళ్లెం తిరుగుతుందో లేదో, తీగ నిలుస్తుందో లేదో మీ కళ్లతో చూడండి. చూసింది ఏమిటో ఆ కారు ఎక్కే మనిషిని పక్కన నిలబెట్టుకొని చెప్పండి.